పొట్టి గొట్టం, పెద్ద మెరుపు

“మూడు కిలోలు దాటితే నాకొద్దు,” అంది బుర్గి. “నా మోకాళ్ళు నన్ను మోయడానికే గొణుగుతున్నాయి. ఇంకో బరువు పెడితే సమ్మెకు దిగుతాయి.”

తుపాకుల దుకాణం నడిపే రెగీనా నవ్వి, గోడకున్న కొక్కేల మీంచి ఇంకో తుపాకీ దించి ఆమె చేతుల్లో పెట్టింది. స్టుట్సెన్ అంటారు దాన్ని. ఈ కొండలకోసమే పుట్టిన తుపాకీ. గొట్టం పొట్టిది, మూతి దాకా వాల్‌నట్ కర్ర తొడుగు. బుర్గి దాన్ని భుజానికి ఆనించి కిటికీలోంచి ఎదుటి బేకరీ బోర్డుకు గురిపెట్టింది, దించింది, మళ్ళీ ఎత్తింది. పొద్దున్నే తిన్న వెన్న రొట్టె, కడుపులో వేడి కాఫీ, చేతిలో ఇంత ముద్దొచ్చే వస్తువు. ఇన్‌స్పెక్టర్ బుర్గి లానర్‌కు ఆ క్షణాన లోకంమీద ఫిర్యాదు లేదు.

ఉన్న ఒక్క ఫిర్యాదూ స్టేషన్ వెనక గదిలో కూర్చుని ఉంది. పేరు కిలియన్ టాలర్. ఎర్రబండ కొండమీది వేట అడవికి కాపలాదారు.

నిన్న సాయంత్రం ఆ కొండమీద, ఆ అడవిని కౌలుకు తీసుకున్న కోతమిల్లు యజమాని ఎడ్గార్ రాబిచ్ భుజంలోకి తూటా దిగింది. అతన్ని వీపున వేసుకుని రోడ్డు దాకా మోసుకొచ్చింది కిలియనే. ఇవాళ పొద్దున ఆసుపత్రిలో కళ్ళు తెరిచిన రాబిచ్ మాత్రం, “నన్ను కాల్చింది కిలియన్. నేను నా కళ్ళతో చూశాను,” అన్నాడు. తూటా ముక్కలైపోయింది, ఏ గొట్టంలోంచి వచ్చిందో తేల్చడం కుదరదు. లావు మాత్రం ఏడు మిల్లీమీటర్లని తేలింది. కిలియన్ స్టుట్సెన్ కూడా ఏడే.

మధ్యాహ్నానికల్లా జిల్లా వేట పెద్ద సంతకం పెడితే కిలియన్ వేట కార్డు రద్దవుతుంది. కార్డు పోతే కొలువు పోతుంది. కొలువుతోపాటు అతను పుట్టిపెరిగిన ఇల్లూ పోతుంది, ఎందుకంటే ఆ ఇల్లు కొలువుకు చెందినది. కార్డున్నంత కాలం ఆ కాపలాదారును తీసెయ్యడానికి వీల్లేదని రాబిచ్ తండ్రి ఎప్పుడో రాసిచ్చి పోయాడు. రెండేళ్ళుగా యజమానికీ కాపలాదారుకీ మాటల్లేవు. ఆ పగతోనే కాల్చాడని ఊళ్ళో సగంమంది అప్పుడే తీర్పు చెప్పేశారు.

బుర్గికి తుపాకీ కొనాలన్న కోరిక నిజమైనదే. దొంగవేషం వేసి ఆరా తీయడం ఆమె పద్ధతి కాదు. మన పని నిజమైనదైతే అవతలివాళ్ళూ నిజమే మాట్లాడతారని ఆమె నమ్మకం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అది ఎక్కువసార్లు పనిచేసింది.

“ఇదే తీసుకో అక్కా,” అంది రెగీనా. “పొట్టి పైన్ పొదల్లో దూరినప్పుడు పొడుగు గొట్టం ప్రతి కొమ్మకీ దండం పెడుతుంది. ఇది నీ వీపునుందో లేదో కూడా తెలీదు.”

“తీసుకున్నాననుకో. తూటా సంగతేంటి?”

“హమ్మయ్య, ఆ ప్రశ్న అడిగావు. సగంమంది అడగరు. తుపాకీని పెళ్ళికూతుర్ని చూసినట్టు చూస్తారు, తూటాలేమో కిరాణా సరుకులా సంచిలో వేసుకుపోతారు.” రెగీనా సొరుగు లాగి మూడు రకాల తూటాలు గుడ్డమీద పేర్చింది. సన్నది, మధ్యది, బొద్దుగా బారుగా ఉన్నది. మధ్యదాన్ని వేలితో ముందుకు తోసింది. “ఏడు మిల్లీమీటర్ల పాత రకం. మీ నాన్న కాల్చింది ఇదే, కిలియన్ కాల్చేదీ ఇదే. నెమ్మదిగా తన్నుతుంది, ఎదిగిన లేడినైనా ఒక్క దెబ్బతో పడగొడుతుంది. ఇందులో త్వరగా కాలే తుపాకిమందు నింపుతాను. పొట్టి గొట్టానికి అదే సరిపోతుంది.”

“ఆ బొద్దుదో?”

“అదీ ఏడు మిల్లీమీటర్లే. కాకపోతే మాగ్నమ్. వెనక మందు దాదాపు రెట్టింపు.”

“మరి దాన్నే ఇందులో వేసుకుంటే? బలం ఎక్కువేగా.”

రెగీనా ఆమెకేసి జాలిగా చూసింది. “చంటిపిల్లాడికి పది లడ్డూలు పెడితే బలమొస్తుందా అక్కా? ఆ మందు నిదానంగా కాలేది. అది పూర్తిగా కాలాలంటే బారెడు గొట్టం కావాలి. పొట్టిదాంట్లో అయితే సగం కాలేలోపే తూటా బయటపడుతుంది. మిగిలిందంతా మూతి బయట భగ్గుమంటుంది. చీకటి పడేవేళ కాలిస్తే ఆ మెరుపుకి నీ కళ్ళే బైర్లు కమ్ముతాయి. పైగా ఇంత తేలిక తుపాకీలో అది గాడిదలా తన్నుతుంది. తుపాకీమీది దుర్బిణి వచ్చి నుదురు పగలగొడుతుంది.”

బుర్గి ఆ బొద్దు తూటాను అరచేతిలో దొర్లించింది. నిన్న సాయంత్రం ఎదుటి గట్టుమీద ఆవులు తోలుకెళ్తున్న జున్ను పాకలామె ఒక మాట చెప్పింది. చర్చి గంట మోగాక, తుపాకీ మోతకు ఒక్క లిప్త ముందు, గడ్డికొట్టం పక్కన మెరుపు మెరిసిందట. ఆకాశంలో మబ్బు తునకైనా లేదట. ఆ మాటను స్టేషన్‌లో ఎవరూ పట్టించుకోలేదు.

“రెగీ, ఇంత తెలివితక్కువ పని ఈ జిల్లాలో ఎవరైనా చేశారా?”

గుడ్డమీది తూటాలను సర్దుతున్న చేతులు ఆగాయి. బయట బేకరీ బండి వెనక్కి వెళ్తున్న చప్పుడు వినిపించింది.

“ఎండాకాలంలో ఒకాయన పొడుగు మాగ్నమ్ తెచ్చాడు,” అంది రెగీనా, మెల్లగా. “మోయలేకపోతున్నాను, గొట్టం కోసి పొట్టిగా చెయ్యమన్నాడు. వద్దన్నాను. తూటా మార్చుకోండి, చిన్నరకం తుపాకీ చూపిస్తాను అన్నాను. ‘నాకు పాఠాలు చెబుతున్నావా’ అన్నాడు. కోసిచ్చాను.”

“పేరు?”

“పేరడక్కు అక్కా. చెప్పిన మర్నాటినుంచి ఒక్క వేటగాడూ నా గడప తొక్కడు. కోర్టు కాగితం పట్రా, తలొంచుకుని చెబుతా.”

“కాగితం వచ్చేసరికి వారం. కిలియన్‌కి ఉన్నది మధ్యాహ్నం దాకా.”

రెగీనా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా తల అడ్డంగా ఊపింది. బుర్గి ఆమెమీద కోపం తెచ్చుకోలేకపోయింది. భర్త పోయాక ఒంటిచేత్తో నిలబెట్టుకున్న దుకాణమది.

“సరేలే. ఈ స్టుట్సెన్ నాకోసం పక్కన పెట్టు. మధ్యరకం తూటాలు ఒక డబ్బా. సాయంత్రం వచ్చి తీసుకెళ్తా,” అని కోటు తగిలించుకుంది.

కొండ మొదట్లో ఆమెకోసం ఒక మనిషి ఎదురుచూస్తున్నాడు. డాక్టర్ ఒట్టోకార్ వెండ్ల్. ఒకప్పుడు పళ్ళ డాక్టరు. ఇప్పుడు పళ్ళు వదిలేసి జిల్లాలోని వేటగాళ్ళందర్నీ పీకే పనిలో ఉన్నాడు, జిల్లా వేట పెద్ద హోదాలో. వేట పరీక్షలు పెట్టేదీ ఆయనే, కార్డులు ఇచ్చేదీ తీసేదీ ఆయనే. ప్రతి వసంతంలో కొమ్ముల ప్రదర్శనలో, కొట్టకూడని జంతువును కొట్టినవాడి కొమ్ముల కింద ఎర్రచుక్క అంటించేదీ ఆయనే. ఆ చుక్క పడినవాడు ఏడాదిపాటు సారా కొట్టులో తలెత్తడు.

ఇరవై ఏళ్ళ కిందట బుర్గిని మొదటి పరీక్షలో తప్పించింది కూడా ఈయనే. ఆమె దాన్ని మర్చిపోయానని అందరికీ చెబుతూ ఉంటుంది.

“మోకాళ్ళెలా ఉన్నాయి ఇన్‌స్పెక్టరమ్మా?” అన్నాడు వెండ్ల్. ఆకుపచ్చ టోపీ కనుబొమ్మల దాకా దిగి ఉంది. “పైకి రాగలవా, మోయించమంటావా?”

“మీరు నడవండి డాక్టర్ గారూ. మీరు ఆయాసపడి ఆగిన ప్రతిచోటా నేను అందుకుంటాను.”

“చూడాల్సిందేముందక్కడ? బాధితుడే పేరు చెప్పాడు. తూటా కొలత సరిపోయింది. పగ ఉందని ఊరంతటికీ తెలుసు. కాగితం నా జేబులో ఉంది. నువ్వు చూశావంటే సంతకం పెట్టేస్తా.”

“చూసేదాకా పెట్టరుగా? మర్యాదస్తులు. పదండి మరి.”

దారంతా ఆకులు పండిన లార్చ్ చెట్లు బంగారురంగులో వెలుగుతున్నాయి. ఎండ వీపుకి హాయిగా తగులుతోంది. నిజానికి బుర్గి మోకాళ్ళు ఇవాళ నోరెత్తలేదు. జేబులోంచి పొగబెట్టిన పంది మాంసం ముక్క తీసి నములుతూ నడిచింది. వెండ్ల్‌కూ ఒక ముక్క ఇవ్వబోతే అక్కర్లేదన్నాడు. ఎప్పుడూ వద్దనని మనిషి.

గడ్డికొట్టం దగ్గర ఆగింది. దాని గోడకానుకుని ఒక పాత బల్ల ఉంది. బల్ల చివర చెక్కమీద, తుపాకీ ఆనించిన చోట, నాచు కొట్టుకుపోయి ఉంది. బుర్గి వంగి చూపుడువేలు తడిచేసి చెక్కమీద అద్దింది. వేలికి పసుపుపచ్చటి చిన్న పలుకులు అంటుకున్నాయి, గసగసాల్లా.

“కాలని మందు,” అంది.

“అయితే?”

“కిలియన్ తూటాల్లోది కాలకుండా మిగలదు. రెగీనా నింపే మందు పొట్టి గొట్టంలోనే కాలిపోతుంది. ఇది మాగ్నమ్ మందు. పొట్టి గొట్టంలోంచి వచ్చిన మాగ్నమ్.”

వెండ్ల్ నవ్వాడు. “ఎవడో ఎప్పుడో కాల్చి ఉంటాడు. పోయిన వారమో, పోయిన నెలో.”

“మొన్నటి వానకి కొట్టుకుపోయేది కదండీ.”

“కోర్టులో ఈ గసగసాలు చూపించు. జడ్జిగారు రొట్టెమీద జల్లుకుంటాడు.”

బుర్గికీ నవ్వొచ్చింది. మాట బాగుంది, ఒప్పుకోవాలి. మందు పలుకుల్ని కాగితంలో మడిచి జేబులో పెట్టుకుంది. బల్లనుంచి చూస్తే ఎదుటి రాళ్ళవాలు తేటగా కనపడుతోంది. వాలు మధ్యలో గడ్డిమీద ఇంకా గోధుమరంగు మరక. దాని సూటిన వెనక, కాస్త కింద, వాగు గాడి. రాబిచ్ పడి ఉన్నది ఆ గాడిలోనే.

ఇద్దరూ ఆ మరక దగ్గరకు నడిచారు.

“నిన్న రాత్రి నేనిక్కడికి వచ్చేసరికి చచ్చిన కొండమేక ఒకటి పడి ఉంది,” అంది బుర్గి. “తూటా దాని డొక్కలోంచి దూసుకుపోయి వెనక గాడిలో ఉన్న రాబిచ్‌కి తగిలింది. మీకు తెలుసనుకుంటా.”

“ఊళ్ళో అందరికీ తెలుసు. కిలియన్ మేకను కొట్టాడు, వెనకేముందో చూసుకోలేదు. లేదా చూసుకునే కొట్టాడు.”

“మేకకు చెయ్యాల్సిన మర్యాదంతా చేశారెవరో. కుడిపక్కకు పడుకోబెట్టి, నోట్లో పైన్ రెమ్మ పెట్టారు, ఆఖరి మేతగా. ఒంటిమీద ఇంకో కొమ్మ. అంటే కాల్చినవాడు సంతోషంగా నడిచొచ్చాడు. టోపీ తీసి ఒక్క క్షణం నిలబడి కూడా ఉంటాడు. వెనక మనిషి మూలిగింది ఆ తర్వాతే విన్నాడు. పగతో మనిషిని కాల్చినవాడు మేక నోట్లో రెమ్మ పెడతాడా డాక్టర్ గారూ?”

వెండ్ల్ టోపీని ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. “కిలియన్‌కి ఆ మర్యాదలు నేర్పింది నేనే. నిద్రలో కూడా చేస్తాడు. సరే, పగ కాదు, పొరపాటే అనుకుందాం. కార్డు ఎలాగూ పోవాల్సిందే.”

“మీరు నేర్పినవన్నీ నాకూ గుర్తున్నాయిలెండి. ఒంటిమీద పెట్టే కొమ్మ ఎటు తిప్పి పెట్టాలో తప్పు చెప్పాననేగా నన్ను పరీక్షలో తప్పించారు?”

“అదింకా మనసులో పెట్టుకున్నావా!” వెండ్ల్ మొహం మొదటిసారి విప్పారింది. పాఠం చెప్పే అవకాశమొస్తే ఆ మనిషి ఆకలి దప్పులు మర్చిపోతాడు. “వేటగాడన్నవాడికి అది ఓనమాలు కదమ్మా. మగజంతువైతే విరిచిన మొదలు తలవైపు. ఆడదైతే కొస తలవైపు.”

“నిన్నదాని మీద విరిచిన మొదలే తలవైపుంది.”

“అంతేగా మరి. సరిగ్గానే పెట్టాడు. పోతు కాబట్టి.”

 బుర్గి నోట్లోని మాంసం ముక్కను నిదానంగా నమిలి మింగింది.

“పోతని మీకెవరు చెప్పారు?”

“అందరూ అంటున్నారు.”

“అందరూ అంటే ఎవరండీ? రాత్రి దాన్ని దగ్గరనుంచి చూసింది నేను, కసాయి, కిలియన్. ముగ్గురమే. కేసు కాగితాల్లో కొండమేక అని మాత్రం రాయించాను. ఆడో మగో రాయించలేదు. కసాయి కోసి చల్లగదిలో పెట్టి తాళం నా చేతికిచ్చాడు.” జేబులోంచి తాళంచెవి తీసి చూపించింది. “అది ఆడమేక డాక్టర్ గారూ.”

“కాదు,” అన్నాడు వెండ్ల్. మరీ త్వరగా అన్నాడు. “ఆ కొమ్ముల లావు... ఆ కొక్కెం వంపు... పోతే అది.”

“దూరంనుంచి, అందులోనూ వెలుతురు పోయే వేళ, అలాగే కనిపిస్తుంది. ఈ మేకల్లో ఆడదానికీ కొమ్ములే, మగదానికీ కొమ్ములే. కొక్కెం చూసి తేల్చుకోవాలి. దగ్గరకెళ్ళి కడుపుకింద చూస్తే తేలిపోయేది. కానీ అప్పటికే తన మెరుపుకి తన కళ్ళే బైర్లు కమ్మినవాడికి ఏం కనపడుతుంది? పోతనుకుని కాల్చాడు, పోతనుకునే కొమ్మ పెట్టాడు, ఇప్పటికీ పోతనే అనుకుంటున్నాడు.” ఆమె గొంతు పెంచలేదు. “ఈ కొండమీద దాన్ని పోతనుకునే మనిషి ఒక్కడే ఉండాలి. ఆయనే ఇప్పుడు నాకు పాఠం చెప్పాడు.”

“కిలియనే పొరపడి ఉండొచ్చుగా?” వెండ్ల్ నీళ్ళు నమిలాడు.

“కిలియన్ ఆ మేకకు పేరు పెట్టుకున్నాడండీ. చెవి చిరిగినది, ఏడేళ్ళది. ఇవాళ పొద్దున గదిలో పెట్టి తాళం వేస్తుంటే నన్ను తనగురించి ఒక్క మాట అడగలేదు. ‘దాని పిల్ల ఎటుపోయిందో ఎవర్నైనా చూడమనండి’ అన్నాడు.”

“పిల్లా?”

“పొదుగులో పాలున్నాయి.”

 వెండ్ల్ పక్కనున్న బండమీద కూలబడ్డాడు. ఒక మనిషి కొలువూ ఇల్లూ ఊడగొట్టే కాగితం జేబులో పెట్టుకుని కులాసాగా కొండెక్కినవాడు, ఆ ఒక్క మాటకు వాడిపోయాడు. అలవాటు కొద్దీ చేయి టోపీమీదకు వెళ్ళింది. తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కుడి కనుబొమ్మ మీద నెలవంకలా తెగిన గాయం, దానిమీద అడ్డంగా పట్టీ. తేలిక తుపాకీ తన్నితే దుర్బిణి అంచు సరిగ్గా తగిలే చోటది.

“బతికుందా అది?” అన్నాడు.

“పొద్దున జున్ను పాకలామె చూసిందట. మందలో ఇంకో తల్లి వెనక తిరుగుతోంది.”

“దేవుడా,” అన్నాడు. టోపీ అంచును వేళ్ళతో తడిమాడు. బుర్గి అతని పక్కన ఇంకో రాయి చూసుకుని కూర్చుంది. ఇరవై ఏళ్ళుగా ఈ మనిషి ఇలా కూర్చోవడం చూడాలనుకుంది. తీరా చూస్తే, అనుకున్నంత తియ్యగా లేదు. ఎండ మాత్రం అంతే హాయిగా ఉంది.

“బరువు మోయలేకపోయాను బుర్గీ,” అన్నాడు చివరికి. పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు. “ఈ వయసులో చిన్న తూటాకు దిగితే కుర్రాళ్ళు నవ్వుతారనుకున్నా. పెద్దదే ఉంచుకుని గొట్టం కోయించుకున్నా. ఆ అమ్మాయి చెబుతూనే ఉంది, వద్దని. నేను వినలేదు.”

“మీ పరువు పోతుందని భయపడి కిలియన్ బతుకు బుగ్గి చెయ్యబోయారా? ఆ పిల్లాడు మీ దగ్గరే పని నేర్చుకున్నాడు! ఏం మనిషండీ మీరు!”

ఈసారి ఆమె గొంతు నిజంగానే లేచింది.  వెండ్ల్ జేబులోంచి ఆ కాగితం తీసి నాలుగుగా చింపి, ముక్కల్ని ఎక్కడ వెయ్యాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు.

అప్పుడు బుర్గికి ఇంకో సంగతి తట్టింది. ఇందాకే తట్టాల్సింది.

“మూలుగు విని గాడి దగ్గరకు వెళ్ళారా?”

“వెళ్ళాను.”

“రాబిచ్ స్పృహలో ఉన్నాడా?”

“ఉన్నాడు.”

“మిమ్మల్ని చూశాడా?”

“గాయానికి జేబురుమాలు కట్టింది నేనే. నా మొహం వాడి మొహానికి ఇంత దూరంలో ఉంది.” వెండ్ల్ అరచేయి చాపి చూపించాడు. “ఫోన్ తీశాను బుర్గీ, ఒట్టు. అంబులెన్స్‌కి చెయ్యబోయాను. వాడు నా చేయి పట్టుకుని ఆపాడు.”

“ఆపాడా? రక్తం కారుతుంటే?”

“‘ఫోన్ లోపల పెట్టు ఒట్టోకార్’ అన్నాడు. ‘మోత విని కిలియన్ ఎలాగూ పరిగెత్తుకొస్తాడు, వాడే మోసుకెళ్తాడు. నువ్విక్కడికి రాలేదు. నన్ను కాల్చింది వాడేనని నేను చెబుతా. నువ్వు వాడి కార్డు రద్దుచేస్తూ సంతకం పెట్టు చాలు, వాడి పీడ నాకు వదిలిపోతుంది’ అన్నాడు. అని...” వెండ్ల్ చేతిలోని కాగితం ముక్కలకేసి చూశాడు. “నవ్వాడు.”

బుర్గి లేచి నిలబడింది. ఫోన్ తీసి స్టేషన్‌కు కలిపింది.

“కిలియన్ గది తాళం తియ్యండి. అతనికి కడుపునిండా టిఫిన్ పెట్టండి,” అంది. “తర్వాత ఇద్దరు ఆసుపత్రికి వెళ్ళి రాబిచ్ గది ముందు కూర్చోండి. వాడి గాయం మానే దాకా డాక్టర్లు చూసుకుంటారు, ఆ పైన మనం చూసుకుందాం.”